సభలో లేవనెత్తిన మాట ఎక్కడికి చేరుతుంది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ చెన్నై పాఠకులవే తీసుకున్నాను. రైళ్లు, నీళ్లు, ఫిర్యాదులు అంటూ విషయాలు వేర్వేరుగా కనిపించినా, ప్రజాసేవకు అంతరాయం కలిగినప్పుడు పార్లమెంటు సభ్యులు దాని గురించి అడిగితే ఫలితం ఉంటుందా అన్న సందేహం అన్నింటిలోనూ ఉంది.

ప్రశ్న: నేను బీచ్ స్టేషన్ దగ్గరి ఒక కార్యాలయంలో గుమాస్తాను. వేళచ్చేరి నుంచి రోజూ ఇక్కడివాళ్లు 'పరక్కుం రైల్' (ఎగిరే రైలు) అనే, ఎత్తు వంతెన మీద నడిచే లోకల్ రైలు ఎమ్మార్టీఎస్‌లోనే వెళతాను. 2023లో ఏడు నెలలని చెప్పి చింతాద్రిపేట దగ్గరే రైళ్లు ఆపేశారు. మళ్లీ నడిచేసరికి పద్నాలుగు నెలలయింది. ఇలాంటి ఇబ్బంది వచ్చినప్పుడల్లా 'ఎంపీ సభలో లేవనెత్తారు' అన్న వార్త ఒకటి వస్తుంది. ఆ తర్వాత ఏమైందో ఎక్కడా కనిపించదు. సభ్యులు లేవనెత్తితే మంత్రి జవాబు చెప్పి తీరాలా?
— ఒక పాఠకురాలు, వేళచ్చేరి

జవాబు: అమ్మా, మీ అనుమానం న్యాయమైనదే. 'లేవనెత్తారు' అని పత్రికలు ఒక్క మాటలో రాసేస్తాయి గానీ, ఏ పద్ధతిలో లేవనెత్తారో తెలిస్తే తప్ప మంత్రికి జవాబు చెప్పే బాధ్యత ఉందో లేదో తేలదు. మీరు చదివిన వార్తల్లో ఎక్కువ భాగం జీరో అవర్‌వి అయివుంటాయి. లోక్‌సభలో ఉదయం 11 నుంచి 12 దాకా ప్రశ్నోత్తరాలు నడిచాక మొదలయ్యే ఆ సమయానికి సభా నియమావళిలో చోటు లేదు. అది 1960లలో ఆనవాయితీగా స్థిరపడింది. అక్కడ సభ్యులు రెండు మూడు నిమిషాలు మాట్లాడతారు, మంత్రి ఎదురుగా కూర్చుని ఉన్నా లేచి జవాబు చెప్పాలన్న నిర్బంధం లేదు. ప్రసంగంలోని ఆ భాగాన్ని పార్లమెంటరీ వ్యవహారాల శాఖ సంబంధిత మంత్రిత్వ శాఖకు పంపిస్తుంది. విషయం అందరి చెవినా పడటానికి జీరో అవర్ మంచి మార్గమే. జవాబు రాబట్టడానికి మాత్రం అది చాలదు.

అంతకంటే ఒక మెట్టు పైది లోక్‌సభ నియమావళిలోని 377వ నిబంధన. దాని కింద సభ్యులు 250 మాటలకు మించని పాఠాన్ని ముందుగా ఇచ్చి సభలో చదువుతారు, లేదా సభకు సమర్పిస్తారు. సంబంధిత మంత్రి నెల రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు పంపడం పద్ధతి. రాజ్యసభలో దీనికి సమానమైనది ప్రత్యేక ప్రస్తావన. ఈ రెంటిలోనూ జవాబు సభ్యుల ఇంటికి ఉత్తరంగా వెళుతుంది కాబట్టి, వారు బయటపెడితే తప్ప అది మీ దాకా రాదు. 'ఆ తర్వాత ఏమైందో కనిపించదు' అన్న మీ మాటకు సగం కారణం ఇదే. కాబట్టి మీ ఎంపీగారి కార్యాలయానికి వెళ్లి, ఫలానా తేదీన మీరు ప్రస్తావించిన విషయానికి వచ్చిన జవాబు ప్రతి ఇవ్వండని అడగండి. అలా అడిగేవాళ్లు ఉన్నారని తెలిసిన చోట ఉత్తరాలు దస్త్రాల అడుగున పడి ఉండవు.

నిజమైన పట్టు ప్రశ్నలో ఉంటుంది. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇచ్చి అడిగిన ప్రశ్న అనుమతి పొంది జాబితాలోకి ఎక్కిందంటే ఆ రోజుకు మంత్రిత్వ శాఖ జవాబు తయారు చేసి తీరాలి. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, అంటే మంత్రి లేచి నోటితో జవాబు చెప్పేవి, 230 నక్షత్ర గుర్తు లేనివి, అంటే రాతపూర్వక జవాబుకు వచ్చేవి ఉంటాయి. ఈ జవాబులన్నీ పార్లమెంటు వెబ్‌సైటులో ఉంటాయి; సభ్యుల పేరుతోనో, శాఖ పేరుతోనో ఎవరైనా వెతికి చదువుకోవచ్చు.

అలా చదివినప్పుడు మీకే ఒక సంగతి తెలుస్తుంది. ప్రశ్న ఎంత వదులుగా ఉంటే జవాబు అంత వదులుగా ఉంటుంది. 'చెన్నై లోకల్ రైళ్ల ప్రయాణికుల ఇబ్బందులు ప్రభుత్వ దృష్టికి వచ్చాయా, వస్తే తీసుకున్న చర్యలు ఏమిటి' అని అడిగారనుకోండి. జవాబు పత్రంలో '(ఎ) నుంచి (డి) వరకు' అని భాగాలన్నింటినీ ఒకే మూట కట్టి, సేవలను మెరుగుపరచడం నిరంతరం సాగే ప్రక్రియ అన్న ధోరణిలో ఒక పేరా రాసి పంపుతారు. అందులో అబద్ధమేమీ ఉండదు, మీకు పనికొచ్చేదీ ఏమీ ఉండదు. అదే ప్రశ్నను ఇలా అడిగి చూడండి: చింతాద్రిపేట, బీచ్ స్టేషన్ల మధ్య సేవలను ఏ తేదీన ఆపారు, మొదట ప్రకటించిన గడువు ఏది, దాన్ని ఏ ఏ తేదీల్లో పొడిగించారు, ప్రతిసారీ రాసుకున్న కారణం ఏమిటి, ఆపడానికి ముందే కావలసిన స్థలమంతా చేతిలో ఉందా, లేదా, ఆ నెలల్లో బస్సుల కోసం రాష్ట్ర రవాణా సంస్థకు ఎప్పుడు లేఖ రాశారు. ఇందులో ఒక్క భాగాన్ని కూడా 'నిరంతర ప్రక్రియ' అన్న మాటతో కప్పడానికి వీలుండదు. ప్రశ్నకు 150 మాటల పరిమితి ఉంది కాబట్టి ఆవేదన రాయడానికి చోటు చాలదు, తేదీలు అడగడానికి మాత్రం సరిపోతుంది.

ఆ ఉదాహరణలోని సంగతులు అందరికీ తెలిసినవే. బీచ్ నుంచి ఎగ్మూరు దాకా 4.3 కిలోమీటర్ల నాలుగో లైను వేయడానికి 2023 ఆగస్టు 27న ఎమ్మార్టీఎస్‌ను చింతాద్రిపేట వరకు కుదించారు. 2024 అక్టోబరు 29న తిరిగి బీచ్ దాకా నడిపారు. లైను అవసరమైనదే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ నెలల్లో నేనూ తిరుమయిలై స్టేషన్‌లో ఎక్కి చింతాద్రిపేటలో దిగినవాణ్ణే. రైలు దిగగానే జనమంతా మెట్ల వైపు ఒక్కసారిగా కదిలేవారు. కూవం దాటి పార్క్ స్టేషన్ వైపు ఎండలో సాగే ఆ వరుసలో ఒక పెద్దావిడ ఖాళీ పూలబుట్టను నెత్తిన గొడుగులా పట్టుకుని నడుస్తూ కనిపించేది. ఏడు నెలలే కదా అని సర్దుకున్నవాళ్లకు ఎనిమిదో నెలలో ఎవరు ఏం చెప్పారు? ప్రజాసేవ మీద పర్యవేక్షణ అంటే నా ఉద్దేశంలో ముందుగా ఈ ప్రశ్నకు జవాబు ఉండటం.

జవాబు వచ్చాక కూడా విషయం ముగిసిపోదు. మంత్రి 'పరిశీలనలో ఉంది', 'సమాచారం సేకరిస్తున్నాం, సభకు సమర్పిస్తాం' వంటి మాట అంటే అది హామీగా నమోదవుతుంది. ఇలాంటి మాటల పట్టిక ఒకటి తయారుచేసి పెట్టుకుని, వాటిని ఏరి వెంటాడటానికే లోక్‌సభలో 1953 నుంచి ప్రభుత్వ హామీల సంఘం పనిచేస్తున్నది. హామీని మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే గడువు కోరాలి. జవాబులో తప్పుందని సభ్యులకు తోస్తే స్పీకర్ ఆదేశాల్లోని 115వది వాడి దాన్ని ఎత్తిచూపవచ్చు. జవాబు అసంపూర్ణమైతే 55వ నిబంధన కింద అరగంట చర్చ అడగవచ్చు. ఇవన్నీ ఉన్న సాధనాలే. వాటిని వాడుతున్నారో లేదో గమనించవలసింది ఓటర్లమైన మనమే.

ప్రశ్నతో ఏమవుతుందని అనుకునేవారికి మన నగరానికే సంబంధించిన ఒక సంగతి చెబుతాను. 1957లో కొత్తగా ఏర్పడిన జీవిత బీమా సంస్థ 1.2 కోట్ల రూపాయలకు పైగా హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల వాటాల్లో పెట్టిన వ్యవహారం సభలో ప్రశ్నగానే మొదలైంది. వచ్చిన జవాబులకు, తాను సేకరించిన వివరాలకు పొంతన కుదరక కాంగ్రెస్ ఎంపీ ఫిరోజ్ గాంధీ డిసెంబరులో మళ్లీ పట్టుబట్టారు. తాను కూర్చున్న పక్షపు ప్రభుత్వాన్నే ఆయన అడిగారని గమనించండి. అప్పుడు స్పీకర్ స్థానంలో ఉన్నది తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా విచారణ జరిగింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఆయన ఎన్నికైనది దక్షిణ మద్రాసు నుంచి.

ప్రశ్న: నేను పెరంబూరులో స్థిరపడిన రైల్వే పింఛనుదారుణ్ణి. సభ మొదలైన పది నిమిషాలకే గొడవతో వాయిదా పడటం టీవీలో చూస్తుంటాను. ఆ రోజు జాబితాలో ఉన్న ప్రశ్నలు మురిగిపోయినట్టేనా? అంతరాయం గురించి అడగవలసినవారే సభకు అంతరాయం కలిగిస్తుంటే ఎవరికి చెప్పుకోవాలి?
— ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: అయ్యా, జవాబులు మురిగిపోవు. సభ వాయిదా పడినా ఆ రోజు జాబితాలోని రాతపూర్వక జవాబులు సభ ముందుంచినట్టే లెక్క. వంతు రాని నక్షత్ర గుర్తు ప్రశ్నలకు కూడా రాసిన జవాబు నమోదవుతుంది. సభ సజావుగా నడిచిన రోజున కూడా 20 ప్రశ్నల్లో అయిదారింటికి మించి నోటితో జవాబు చెప్పే వంతు రావడం అరుదు.

పోయేది అనుబంధ ప్రశ్న. ముందుగా రాసుకొచ్చిన కాగితం చదివేశాక, అడిగినవారు లేచి 'మీరు చెప్పిన గడువు నిరుడు చెప్పిన గడువుతో ఎందుకు సరిపోవడం లేదు' అని అడగగలిగే క్షణం అది. కింద పనిచేసే అధికారులు ఆ క్షణానికే భయపడతారు. మంత్రి ఇరుకున పడకూడదని వాళ్లు రాత్రంతా కూర్చుని అన్ని వివరాలూ తెప్పించి పెడతారు, ఆ తెప్పించడంలోనే చాలా లోపాలు బయటపడి కొన్ని అక్కడికక్కడే సరిదిద్దుకుంటారు కూడా. సభ పదకొండూ పదికి వాయిదా పడితే ఈ భయమంతా తీరిపోతుంది. 2020 సెప్టెంబరులో కోవిడ్ కారణంగా వర్షాకాల సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయాన్నే తీసివేసి రాతపూర్వక జవాబులు మాత్రం కొనసాగించినప్పుడు, జవాబులు అందుతున్నాయి కదా అని కొందరు అన్నారు. కాగితం అందడం, మంత్రిని నిలబెట్టి అడగడం ఒకటి కావని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటున్నాను.

సభను అడ్డుకోవడం ప్రతిపక్షానికి ఉన్న ఆయుధమని వాదించేవారున్నారు. చర్చకు అనుమతి దొరకనప్పుడు వారికి వేరే దారి ఉండదన్నది నిజమే. అయినా ప్రశ్నోత్తరాల గంటను మాత్రం వదిలిపెట్టాలి. ఎందుకంటే ఆ గంట ఏ పార్టీ సభ్యులైనా, చివరికి పాలక పక్షం వెనుక వరుసలో కూర్చున్నవారైనా, ప్రభుత్వాన్ని నేరుగా అడగగలిగే సమయం. మీ ఎంపీగారు ఏ పార్టీవారైనా ఈ మాట వారికి రాయండి. అన్నట్టు, సభ వాయిదా పడిన రోజుల్లో కూడా శాఖల వారీ స్థాయీ సంఘాలు కూర్చుంటాయి. లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది ఉండే ఈ సంఘాలు 24. వాటిలో రైల్వేకు ఒకటి ప్రత్యేకంగా ఉంది. అక్కడ కెమెరాలు లేవు కాబట్టి సభ్యులు పార్టీ గీత దాటి అధికారులను నిలదీయడం ఎక్కువ.

ప్రశ్న: మా వీధిలో మంచినీళ్లు రోజు విడిచి రోజు కూడా సరిగా రావడం లేదు. దీన్ని కూడా ఎంపీగారితో పార్లమెంటులో అడిగించవచ్చా?
— ఒక గృహిణి, కొరట్టూరు

జవాబు: అడిగించలేరమ్మా. ప్రశ్న ప్రధానంగా కేంద్ర ప్రభుత్వ బాధ్యతలో ఉన్న విషయమై ఉండాలన్నది నియమం. నగరంలో మంచినీరు చెన్నై మెట్రోవాటర్ బోర్డుది, అది రాష్ట్ర ప్రభుత్వానిది. మీరు వెళ్లవలసింది వార్డు కౌన్సిలర్ దగ్గరకు, శాసనసభ్యుల దగ్గరకు. అయితే కేంద్ర పథకం డబ్బుతో జరిగే పనుల సమీక్షకు జిల్లా స్థాయిలో దిశ కమిటీ ఉంది, దానికి అధ్యక్షత వహించేది ఎంపీయే. మీ వీధి పైపులైను అలాంటి పథకంలో ఉంటే ఆ సమావేశంలో లేవనెత్తమని కోరవచ్చు.

ప్రశ్న: ఎమ్మార్టీఎస్‌ను చెన్నై మెట్రోకు అప్పగిస్తారంటున్నారు. అప్పుడు మా రైలు గురించి పార్లమెంటులో ఎవరు జవాబు చెబుతారు?
— ఒక విద్యార్థి, తిరువాన్మియూరు

జవాబు: బాబూ, ఈ ప్రశ్న పెద్దలు ఎవరూ అడగనందుకు నాకు కొంచెం బాధగానూ, నువ్వు అడిగినందుకు చాలా సంతోషంగానూ ఉంది. అప్పగింతకు రైల్వే బోర్డు 2025లో సూత్రప్రాయంగా ఒప్పుకుంది. స్టేషన్లు బాగుపడతాయా, టికెట్టు ధర పెరుగుతుందా అన్న చర్చే అంతటా సాగుతున్నది. చేతులు మారినప్పుడు జవాబు చెప్పే నోరు కూడా మారుతుందన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

ఇవాళ ఆ రైలు ఆగితే రైల్వే మంత్రిని సూటిగా అడగవచ్చు. రేపు చెన్నై మెట్రో రైల్ చేతికి వెళ్లాక రైల్వే మంత్రి తనకు సంబంధం లేదంటారు. మెట్రో సంస్థలో కేంద్రానికి, రాష్ట్రానికి చెరి సగం వాటా ఉంది కాబట్టి పార్లమెంటులో గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల మంత్రిని అడగవచ్చు గానీ, రోజువారీ నిర్వహణ సంస్థ చూసుకుంటుందని ఆయన అనే అవకాశం ఉంది. శాసనసభలో అడిగితే కేంద్రం అనుమతి రావలసి ఉందని మాట రావచ్చు. ఇద్దరికీ సగం సగం బాధ్యత ఉన్నచోట ప్రయాణికుడికి దక్కేది సగం సగం జవాబే. వేళచ్చేరి నుంచి సెయింట్ థామస్ మౌంట్ వరకు 5 కిలోమీటర్ల లైను పని 2008లో తలపెడితే ఆదంబాక్కం దగ్గర స్థలం వ్యాజ్యాలలో ఏళ్ల తరబడి ఎలా నిలిచిపోయిందో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడుగు, చెబుతారు.

కాబట్టి అప్పగింత ఒప్పందంలోనే కొన్ని మాటలు రాయించుకోవాలని నా అభిప్రాయం. సేవ ఆపవలసి వస్తే ఎన్ని రోజుల ముందు ప్రకటించాలి, గడువు దాటితే ఎవరు వివరణ ఇవ్వాలి, ఆ వివరణ ఏ సభ ముందు పెట్టాలి అన్నవి అందులో ఉండాలి. ఒప్పందం మీద సంతకాలు కాకముందే చెన్నై నగరపు ముగ్గురు ఎంపీలలో ఎవరైనా దీన్ని ప్రశ్నగా వేస్తే, కనీసం కేంద్రం ఉద్దేశం రికార్డు మీదికి వస్తుంది. నీ ఉత్తరం ప్రతిని మీ ఎంపీగారికి పంపు. కళాశాల స్నేహితుల సంతకాలు కూడా చేర్చు.

ప్రశ్న: ఒక కేంద్ర ప్రభుత్వ సేవా కార్యాలయం మా ప్రాంతంలో పది రోజుల పాటు పని చేయలేదు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. ఎవరూ ఫోన్ చేయలేదు, ఎవరూ రాలేదు. 'పరిష్కరించబడింది' అని మాత్రం సందేశం వచ్చింది. ఇక ఎంపీగారి దగ్గరకు వెళ్లడమే మిగిలిందా?
— ఒక పాఠకురాలు, మైలాపూరు

జవాబు: ఎంపీగారి దగ్గరకు తప్పకుండా వెళ్లండి, కానీ ఉత్త చేతులతో వెళ్లకండి. ఆ సందేశం వచ్చిన 30 రోజుల్లోగా అదే పోర్టల్‌లో అప్పీలు వేసే వీలుంది. 2024 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఫిర్యాదును 21 రోజుల్లో పరిష్కరించాలి. అప్పీలులో కోపం వద్దు; ఏ రోజు వెళ్లారు, ఎన్ని గంటలకు వెళ్లారు, తలుపు మీద ఏం రాసి ఉంది అన్నవి రాయండి, ఫొటో ఉంటే జత చేయండి.

దానితో పాటే సమాచార హక్కు కింద 10 రూపాయల రుసుముతో ఒక దరఖాస్తు వేయండి. 'నా ఫిర్యాదు ఏమైంది' అని అడిగితే 'పరిష్కరించాం' అనే అంటారు. అలా కాకుండా, మీ ఫిర్యాదు నంబరు రాసి, దాని మీద ఏ అధికారి ఏ తేదీన ఏమి రాశారో ఆ నోట్ ఫైలు ప్రతి ఇవ్వమనండి; ఆ పది రోజుల హాజరు పుస్తకం, సేవ నిలిచిపోయినట్టు పై కార్యాలయానికి పంపిన సమాచారం అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, దాని మీద 90 రోజుల్లోగా కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు ఉన్నాయి. ఒక జాగ్రత్త చెప్పాలి: ఈ దరఖాస్తు ఇంగ్లీషులో గానీ, హిందీలో గానీ, ఆ ప్రాంతపు అధికార భాషలో గానీ ఉండాలి. చెన్నైలో అది తమిళం కాబట్టి తెలుగులో రాస్తే తిరస్కరించే వీలు వాళ్లకు దొరుకుతుంది.

ఈ కాగితాలన్నీ ఒక వరుసలో పెట్టి ఎంపీగారి కార్యాలయంలో ఇస్తే, వారి సహాయకుడు అరగంటలో ప్రశ్న తయారు చేయగలడు. 'మా ఏరియాలో బాగా ఇబ్బందిగా ఉంది సార్' అని చెప్పి వస్తే అది ఆయన డైరీలో ఒక గీతగా మిగిలిపోతుంది. ఇదే బాధ మీ వీధిలో చాలామందికి ఉంటే లోక్‌సభ అర్జీల సంఘానికి కూడా రాసుకోవచ్చు. సభ్యుల చేత పై సంతకం పెట్టించి సభకు సమర్పిస్తే ఆ 15 మంది సభ్యుల సంఘం దాన్ని పరిశీలించి అధికారులను పిలిపించగలదు. అర్జీని మీరు తెలుగులోనే రాయవచ్చు. దానికి ఇంగ్లీషు లేదా హిందీ అనువాదం జతపరచి, ఆ అనువాదం మీద కూడా మీరే సంతకం చేయాలి.